ఏడు ముడుల వారం

పంపాపతి గురించి ముందే చెప్పేస్తాను, లేకపోతే నా కడుపుమంట చల్లారదు. రెండు కార్లు, మూడు సెల్‌ఫోన్లు ఉన్న మనిషి. ఇంట్లో పంచాంగం తప్ప ఇంకో పుస్తకం లేదు. కరెంటు ఫ్యాక్టరీకి బాయిలర్ శుభ్రం చేసే కూలీలను పంపే కాంట్రాక్టరు. ఎవరైనా "సాబ్" అనకుండా పిలిస్తే వినపడనట్టు నటిస్తాడు. అయినా ఈ వ్యవహారంలో బుద్ధి లేనివాళ్ళ పేర్లు వరసగా రాస్తే అతని పేరు రెండోదే వస్తుంది. మొదటి పేరు సత్యభామ. అంటే నేనే. రాయచూరులో పీయూ కాలేజీ, అంటే ఇంటర్, పిల్లలకు ఇరవై ఎనిమిదేళ్ళు బయాలజీ చెప్పి, చెప్పినదాంట్లో ఒక్క ముక్క తన బుర్రకు ఎక్కించుకోలేని సత్యభామ.

ఫ్యాక్టరీలో ఏడాదికోసారి ఒక్కో యూనిట్‌ను ఆపుతారు. ఓవర్‌హాల్ అంటారు దాన్ని. బాయిలర్ లోపలికి మనుషులను దింపి, గోడలకు అంటుకుని గట్టిపడ్డ బూడిద గడ్డలను గడ్డపారలతో కొట్టి రాల్పిస్తారు. మంట ఆర్పి మూడు రోజులైనా లోపల వేడి నిలబడే ఉంటుంది. బయట రాయచూరు ఎండ నలభై నాలుగు. లోపల ఎంతో ఎవడూ కొలవడు, ఎందుకంటే కొలిచినవాడు లోపలికి దిగడు, దిగినవాడి దగ్గర థర్మామీటర్ ఉండదు.

ఆ కూలీలకు ఒక ఆచారం ఉండేది. నెల రోజులు పని వదిలి ఊరికో, బెంగళూరుకో పోయి తిరిగొచ్చిన మనిషి ఎవరైనా సరే, మొదటి రోజు కుడిచేతికి ఏడు ముడుల పసుపు దారం కట్టించుకోవాలి. రోజుకో ముడి విప్పాలి. ఎన్ని ముడులు విప్పితే అన్ని గంటలే బాయిలర్ లోపల. మొదటి రోజు ఒక గంట, రెండో రోజు రెండు. మిగిలిన పొద్దంతా బయట నీళ్ళు మోయాలి, రాలిన గడ్డలు ఎత్తాలి, బాయిలర్ హౌస్ గోడ పక్కన కుంకుమ పూసిన రాయికి ఒక చెంబు పోయాలి. ఆ రాయి పేరు బాయిలరమ్మ. ఇంగ్లీషు మిషనుకు "అమ్మ" తగిలించి దేవతను తయారు చేసుకున్నారు. ఏడో ముడి విప్పిన మర్నాటి నుంచి మనిషి పూర్తి పనికి వచ్చినట్టు. ముడి ఉండగానే ఎక్కువ సేపు లోపలుంటే అమ్మ పడేస్తుందని వాళ్ళ నమ్మకం. దీన్ని వారం కట్టుడు అనేవాళ్ళు. మొదటి యూనిట్ నడిచిన కాలంలో ఉలిగప్ప అనే మేస్త్రి పెట్టాడట.

2009 ఫిబ్రవరిలో సైన్స్ డే నాడు ఫ్యాక్టరీ కాలనీ హాలులో మాట్లాడమని నన్ను పిలిచారు. కారులో తీసుకెళ్ళారు, శాలువా కప్పారు. శాలువా కప్పితే మనిషికి నోరు లేస్తుంది. హాలు గుమ్మం దగ్గర నలుగురు కూలీలు దారాలు కట్టుకుని కుర్చీలు మోస్తూ కనపడ్డారు. ఏమిటని అడిగాను, చెప్పారు. నాకు అంతకన్నా మంచి సరుకు ఏం కావాలి? మైకు అందుకుని అన్నాను: "బాయిలర్ దారం మాట వింటుందంటే, ఇన్ని బండ్ల బొగ్గు తెప్పించడం ఎందుకు? దారాలే కాల్చుకోండి." ఇంజనీర్లు పగలబడి నవ్వారు. ముందు వరసలో కూర్చున్న పంపాపతి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. సైన్సు మీద ఆయనకు ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందా అని అప్పుడే అనుమానించాల్సింది. చప్పట్లు వినపడుతుంటే అనుమానాలు రావు.

మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో నా మాటలు నా ఫోటోతో వచ్చాయి. ఆ వారంలోనే పంపాపతి కొత్త రూలు పెట్టాడు. దారం కట్టుకున్న కూలీ గేటు దాటడానికి లేదు, వచ్చినవాడు మొదటి రోజు నుంచే ఎనిమిది గంటలు దిగాలి. అడిగినవాళ్ళకు నా ఫోటో చూపించేవాడు.

మా ఇంట్లో పని చేసే అంబమ్మ కొడుకు సిద్దు ఆ కూలీల్లో ఒకడు. ఇరవై ఆరేళ్ళవాడు. ఒకప్పుడు నా స్టూడెంటే. సెకండ్ పీయూసీలో ఫిజిక్స్ పోయింది, బయాలజీలో మాత్రం అరవై ఎనిమిది తెచ్చుకున్నాడు. ఓవర్‌హాల్ లేని నెలల్లో బెంగళూరు పోయి కంప్యూటర్ కంపెనీల భవనాల్లో సీలింగ్ పలకలు బిగించేవాడు. ఆ ఏడాది రెండు నెలలు ఏసీ గాలిలో పని చేసి మే మొదట్లో ఓవర్‌హాల్‌కు తిరిగొచ్చాడు. మర్నాడు పనికి దిగాలి. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. నేను హాల్లో కింద కూర్చుని వాల్యుయేషన్ పేపర్లు కట్టలు కడుతున్నాను. అంబమ్మ, వాడు అవ్వ అని పిలిచే తల్లి, వెనక పెరట్లో గిన్నెలు తోముతోంది.

"మేడమ్, జరా ఒక మాట," అని చేయి చాపాడు. మణికట్టుకు పసుపు దారం.

"ఏందిది?"

"మా అవ్వ కట్టింది మేడమ్. గేటు కాడ పంపాపతి సాబ్ చూస్తే ఎల్లగొడ్తడు. ఇప్పేస్తనంటే అవ్వ ఏడుస్తది. మీరు ఎట్ల చెప్తే గట్ల చేస్త. మీరు చెప్తే అవ్వ గూడ వింటది."

నిజానికి వాడు నన్ను అడిగింది ఆచారం గురించి కాదు. భయంగా ఉందని చెప్పడానికి వచ్చాడు. వాడి ముఖంలో అది రాసి ఉంది. నాకు పేపర్లు దిద్ది దిద్ది చిరాకుగా ఉంది. నా మాటలు పేపర్లో వచ్చాక కూడా, నా స్టూడెంటే నా ఎదురుగా దారం కట్టుకుని నిలబడ్డాడని ఒళ్ళు మండింది.

"బయాలజీల అరవై ఎనిమిది తెచ్చుకున్నోనివి, సిగ్గు లేదు? రాయచూర్ల పుట్టినవ్, రాయచూర్ల పెరిగినవ్. ఎండ నీ రక్తంలనే ఉంది. నిన్ను బాయిలర్ ఏం చేస్తది?" అన్నాను. కట్టలకు దారం కోస్తున్న కత్తెర చేతిలోనే ఉంది. వాడి చేయి పట్టుకుని ఏడు ముడులూ ఒక్క కోతలో తీసేశాను. వాడు నవ్వాడు. మేడమ్ చెప్పింది కదా అన్న ధైర్యంతో నవ్వాడు.

మర్నాడు మధ్యాహ్నం రెండు గంటలకు, లోపలికి దిగిన అయిదో గంటలో, సిద్దు గడ్డపార పట్టుకునే పడిపోయాడు. పైకి తీసేసరికి ఒంటి మీద చెమట లేదట. చెమట ఆగిపోయిందంటే ఒంట్లో చల్లబరిచే పని ఆగిపోయినట్టు. రాయచూరులో ఆసుపత్రికి తెచ్చేసరికి జ్వరం నూట ఏడు దాటింది. పిచ్చి మాటలు మాట్లాడుతున్నాడు. కండరాలు కరిగి ఆ చెత్తంతా మూత్రపిండాలకు అడ్డం పడింది. నేను వెళ్ళేసరికి అంబమ్మ వరండాలో నేల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. నన్ను చూసి కొంగు సర్దుకుని లేచి నిలబడింది, కొడుకు చావుబతుకుల్లో ఉన్నా టీచరమ్మ వస్తే లేవాలి కాబట్టి.

అక్కడి డాక్టరు నేత్ర కూడా నా దగ్గర చదివిన పిల్లే. గది బయటికి వచ్చి నన్ను అడిగింది: "మేడమ్, ఈయన ఈ మధ్య వేడిలో పని చేయలేదా?"

"రెండు నెలలు బెంగళూరులో ఉన్నాడు. ఏసీలో."

"రెండు నెలలు ఏసీలో ఉన్న మనిషిని మొదటి రోజే అంత సేపు లోపలికి ఎవరు పంపారు?"

ఆ అమ్మాయి నా జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఇక్కడ కొంచెం పాఠం చెప్పాలి. వద్దనుకున్నా వినండి, ఎలాగూ నేను ఇరవై ఎనిమిదేళ్ళు వద్దనుకున్నవాళ్ళకే చెప్పాను. ఒంట్లో ప్రతి కణంలోనూ జీన్లన్నీ ఉంటాయి. కంటిలోనూ అవే, కాలేయంలోనూ అవే. కానీ అన్నీ ఒక్కసారే పని చేయవు. ఇంట్లో పెళ్ళికి వాడే పెద్ద గుండిగలు కూడా ఉంటాయి, రోజూ దించుతామా? అవసరం వస్తేనే అటక మీది నుంచి దించుతాం, తీరాక మళ్ళీ ఎక్కిస్తాం. కణం బతికేది ఆ దించడం, ఎక్కించడం సరిగ్గా తెలిసే. మా సిలబస్‌లో దీనికి ఒక బ్యాక్టీరియాను పెట్టారు. దానికి మామూలు చక్కెర దొరికినంత కాలం పాల చక్కెర జీన్లు మూసుకునే ఉంటాయి. మామూలు చక్కెర అయిపోయి పాల చక్కెర ఒక్కటే మిగిలితే ఆ జీన్లు తెరుచుకుంటాయి. కానీ వెంటనే కాదు. మధ్యలో పెరుగుదల ఆగిపోతుంది. గ్రాఫులో గీత పైకి పోతూ పోతూ కాసేపు చదునుగా నడిచి, మళ్ళీ పైకి లేస్తుంది. ఆ చదును గీతను నేను ఏడాదికి రెండు సెక్షన్లకు, ఎర్ర సుద్దతో, కింద "ఇది ముఖ్యం, పరీక్షకు వస్తుంది" అని రాసి మరీ చూపించాను.

మనిషి కణం కూడా అంతే. వేడి తగిలితే లోపలి ప్రొటీన్లు ఆకారం చెడిపోతాయి, ఉడికే గుడ్డు తెల్లబడ్డట్టు. వాటిని సరిచేసే కాపలా ప్రొటీన్లు వేరే ఉంటాయి. మామూలు రోజుల్లో ఆ కాపలావాళ్ళు కొందరు, వేడి జీన్లను తెరిచే ప్రొటీనును పట్టుకుని కదలనివ్వరు. వేడి పెరిగితే దాన్ని వదిలి చెడిపోయినవాటి వైపు పరిగెత్తుతారు. తెరిచేదానికి చేతులు ఖాళీ అయి, పోయి జీన్లను తెరుస్తుంది, ఇంకా కాపలావాళ్ళు తయారవుతారు. సరిపడా తయారయ్యాక మళ్ళీ వాళ్ళే దాన్ని పట్టుకుంటారు, జీన్లు మూతపడతాయి. ఎవరూ పైనుంచి చెప్పరు. ఎక్కువా కాదు, తక్కువా కాదు, అలా నిలబడుతుంది. కానీ ఆ నిల్వ పేరడానికి, చెమట తొందరగా పట్టడానికి, రక్తంలో నీరు పెరగడానికి వారం, పది రోజులు కావాలి. చల్లటి చోట నెల ఉంటే ఆ నిల్వంతా కరిగిపోతుంది. రాయచూరులో పుట్టినా అంతే, కాశ్మీరులో పుట్టినా అంతే. రక్తంలో ఎండ ఉండదు. నిన్నటి, మొన్నటి ఎండల లెక్క ఉంటుంది, అంతే.

అంటే ఆ ఏడు ముడులే నా చదును గీత. చదువురాని మేస్త్రి ఒకడు దాన్ని కూలీల చేతికి కట్టాడు. నేను సుద్ద పట్టుకున్న చేత్తోనే కోసేశాను. దారం ఏమీ చేయదు, రాయీ ఏమీ చేయదు, ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను. కానీ ఏడు రోజులు చేస్తాయి. దారంతో పాటు ఏడు రోజులను కూడా కోసిన మూర్ఖురాలిని నేను.

ఆసుపత్రిలో నాలుగో రోజు ఒక సంగతి తెలిసింది. వచ్చే సోమవారం రెండో యూనిట్‌లో ఓవర్‌హాల్ మొదలు. పుణె, బెంగళూరుల నుంచి ఇరవై రెండు మంది తిరిగొస్తున్నారు. అందరినీ మొదటి రోజే పూర్తి షిఫ్టుకు దింపుతున్నారు. అంటే సోమవారం సాయంత్రానికి ఇలాంటి మంచాలు ఇంకా ఎన్ని నిండుతాయో. నేను తిన్నగా పంపాపతి ఆఫీసుకు వెళ్ళాను.

కూలర్ ముందు కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. నాకూ ఒక గ్లాసు తెప్పించాడు. పరామర్శగా నాలుక చప్పరించాడు. "వాని రక్తమే వీక్ మేడమ్. బెంగళూరు నీళ్ళు తాగి మెత్తబడ్డడు. మా కాలంల గట్ల ఉండిందా?"

"మీ కాలంల మీరు బాయిలర్‌ల దిగిండ్రా?" అన్నాను.

గట్టిగా నవ్వాడు. నేను పాఠమంతా చెప్పాను. జీన్లు, కాపలా ప్రొటీన్లు, వారం రోజులు, అన్నీ. మజ్జిగ అయిపోయేదాకా విన్నాడు. తరువాత వెనక్కి తిరిగి గోడకు వేలు చూపించాడు. నా ఫోటో. పేపర్ ముక్కను ప్లాస్టిక్ అద్దంలో బిగించి, లక్ష్మీదేవి పక్కన తగిలించాడు.

"ఇది మీరే కదా మేడమ్?"

"నేనే. తప్పు చెప్పిన."

"తప్పయితే పేపర్ల ఎందుకు పడ్తది?"

పేపర్లో పడ్డ అబద్ధాలు కొలవాలంటే పేపరు కంటే పెద్ద కాగితం కావాలని ఈ మనిషికి ఎలా చెప్పాలి? తరువాత ఇంకో ముచ్చట చెప్పాడు. సిద్దు జీన్లే బలహీనమని, కొందరు పుట్టుకతోనే అలా ఉంటారని నేను ఒక కాగితం రాసిచ్చేస్తే వాడు పడిపోవడం మీద జరిగే ఎంక్వైరీ తేలిగ్గా అయిపోతుందట. "సైన్సు మనిషి రాస్తే ఎవరు గూడ మాట్లాడరు మేడమ్." అతని ముఖాన మజ్జిగ గ్లాసు విసిరి కొట్టాలనిపించింది. కొట్టలేదు. నేను మర్యాదస్తురాలిని కదా, మనుషుల ప్రాణాలు మాత్రమే తీస్తాను, గ్లాసులు విసరను.

తిరిగొచ్చినవాళ్ళను మొదటి రోజే పూర్తి షిఫ్టుకు దింపకుండా ఆపమని పై ఆఫీసులకు రెండు అర్జీలు రాశాను. అందినట్టు స్టాంపు వేసి కాపీ చేతికిచ్చారు. శనివారం దాకా ఎవరూ పిలవలేదు. ఇక దిక్కు తోచక దారం ఆచారం పెట్టిన మేస్త్రి ఉలిగప్పను వెతుక్కుంటూ అతని ఊరు ఇడపనూరుకు బస్సెక్కాను. డెబ్భై దాటిన మనిషి. ఇంటి ముందు మంచం మీద కూర్చుని పత్తి గింజలు వేరు చేస్తున్నాడు. నేను పేరు చెప్పగానే, "ఓ, దారాలు కాల్చుకోమన్న టీచరమ్మ నువ్వేనా?" అన్నాడు. నా కీర్తి ఇడపనూరు దాకా పాకింది.

తప్పు ఒప్పుకున్నాను. వివరంగా చెప్పబోతే చేయి ఎత్తి ఆపాడు.

"నాకెందుకు గవన్ని? మొదటి ఏడాది ముగ్గురు పడ్డరు. ముగ్గురు గూడ ఊరికి పొయ్యి అప్పుడే వచ్చినోళ్ళు. పోకుంట ఈడ్నే ఉన్నోడు ఒక్కడు పడలే. గది చూసిన. దాని మీద కొత్తోళ్ళను మెల్లమెల్లగ దింపుకుంట పోయిన. మూడు దినాలు చూసిన, చాలలే. అయిదు చూసిన, చాలలే. ఏడుకు నిలబడ్డది."

నేను నోరు తెరుచుకుని విన్నాను. గమనించాడు, పోల్చాడు, మార్చి మార్చి చూశాడు. నా జీవితంలో నేను ఒక్క ప్రయోగం సొంతంగా చేయలేదు.

"మరి బాయిలరమ్మ?"

"ఆమెను తెచ్చింది నేనే. ఆ గోడ కాడ రాయి కుంకుమ కొని నేనే పెట్టిన. మనిషికి ఏడు దినాలు అలవాటు కావాలె సాబ్ అంటే అప్పటి కాంట్రాక్టర్ నన్ను కామ్‌చోర్, పనిదొంగ అన్నడు. అమ్మకు కోపం వస్తది సాబ్ అంటే టెంకాయ తెచ్చి కొట్టిండు." కొంచెం ఆగి నా వైపు చూశాడు. "నీ ప్రొటీన్లు పంపాపతికి చెప్పినవా?"

"చెప్పిన."

"నవ్విండా?"

"నవ్విండు."

"మరింక నా కాడికి ఎందుకొచ్చినవ్? ఏం చేయాలెనో నీకే ఎర్క. అంత మందిల అమ్మ లేదన్నవు. అంత మందిల ఉందను."

సోమవారం పొద్దున ఆరు గంటలకు ఫ్యాక్టరీ గేటు బయట, కూలీలు పేర్లు చెప్పుకునే చోట నిలబడ్డాను. ఇరవై రెండు మంది సంచులు, టిఫిన్ డబ్బాలతో వరసలో ఉన్నారు. పంపాపతి జీపు దిగాడు. నేను మొదట నిజమే మొదలుపెట్టాను, పరువు అంత తొందరగా చావదు కదా. కణం అన్నాను, వేడి అన్నాను. ఒకతను ఆవలించాడు. ఇంకొకతను అడిగాడు: "టీచరమ్మా, అవన్ని ఒడ్సిపోనీ. అమ్మ ఉందా, లేదా? అది చెప్పు."

పంపాపతి జీపుకు ఆనుకుని నవ్వుతున్నాడు. నేను లేదన్నానంటే ఇరవై రెండు మంది గేటు లోపలికి నడుస్తారు.

"ఉంది," అన్నాను. "నేను ఆమెను చూసి నవ్విన. ఆ దినం సంది మూడు సార్లు కలల వచ్చింది. నా ఏడు ముడులు కోసినవు, ఒకన్ని పడేసిన, ఇంగ ఎంతమందిని పడేయాలె అని అడిగింది. పేర్లు గూడ చెప్పింది. మొదటి పేరు దింపేటోనిది."

పంపాపతి నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు. నాలుగు రోజుల కిందట కూలర్ గాలిలో నా పాఠమంతా విని మజ్జిగ తాగిన మనిషి, ఒక్క అబద్ధపు కలకు చెమటలు కక్కాడు. డ్రైవర్‌ను టెంకాయలకు పంపాడు. దారం తెప్పించాడు. నా చేత్తోనే కట్టాలని కూలీలు పట్టుబట్టారు, కోసింది నేనే కాబట్టి. ఇరవై రెండు చేతులకు ఏడేసి ముడులు వేశాను. రిటైరయ్యేముందు నాకు దొరికిన సన్మానం అది. ఆ ఓవర్‌హాల్‌లో ఒక్కరూ పడలేదు. నాకు దండం పెట్టేవాళ్ళు మాత్రం ఎక్కువయ్యారు. బజారులో కనపడితే చాలు, నా చేతులు కళ్ళకద్దుకునేవాళ్ళు. వాళ్ళు ఎదురొస్తే నేను సందు మార్చేదాన్ని.

సిద్దు బతికాడు. పదహారు రోజుల తరువాత ఇంటికి పంపారు. కానీ మూత్రపిండాలు మునుపటిలా లేవు, బరువు ఎత్తకూడదు, వేడిలో నిలబడకూడదు. ఇరవై ఆరేళ్ళవాడు గోడకు ఆనుకుని కూర్చుని రోడ్డు చూస్తుంటాడు. అంబమ్మ మళ్ళీ పనికి వచ్చింది. కల సంగతి ఆమె చెవిన కూడా పడింది. మంగళవారం మంగళవారం ఒక్కపొద్దు మొదలుపెట్టింది. మధ్యాహ్నపు ఎండలో, చెప్పులు లేకుండా, బస్సు దిగి ఫ్యాక్టరీ గోడ దాకా నడిచి, లోపలి రాయికి బయటి నుంచే మొక్కి వచ్చేది. కాళ్ళు బొబ్బలెక్కాయి. కొడుకుతో వారం నిలబెట్టించలేకపోయిన పాపం తనదేనని పక్కింటి ఆవిడతో చెబుతుంటే విన్నాను.

ఇరవై రెండు మందిని కాపాడిన నా అబద్ధం ఈవిడ నెత్తిన పడింది. రెండు నెలలు ఓర్చుకున్నాను. శ్రావణంలో ఒక మంగళవారం, బొబ్బల కాళ్ళతో పెరట్లో గిన్నెల ముందు కూర్చున్న మనిషిని చూసి ఇక నావల్ల కాలేదు. పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను.

"అంబమ్మా, కల అబద్ధం. నాకు ఏ అమ్మా రాలే. పంపాపతిని భయపెట్టనీకె చెప్పిన. నీ తప్పు ఏం లేదు. నువ్వు కట్టిన దారం కోసింది నేను. వాన్ని లోపలికి పంపింది నేను. నువ్వు ఒక్కపొద్దు ఉండొద్దు, ఎండల నడవొద్దు."

ఆమె చేయి ఆగలేదు. పళ్ళెం తోమి, నీళ్ళు పోసి, పక్కన పెట్టింది.

"ఎర్కే టీచరమ్మ," అంది. "దవాఖానల కండ్లు తెర్సిన దినమే చెప్పిండు వాడు."

"ఎర్కుండి మరి ఎందుకు నీ మీద ఏసుకున్నవ్?"

అప్పుడు నా ముఖం చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది.

"అమ్మకు కోపమొచ్చింది అనుకుంటే, ఒక్కపొద్దుంటె ఎప్పుడన్న తీరుతది. మీరు చేసిండ్రు అనుకుంటే, మీ గిన్నెలు ఎట్ల తోమాలె? వాడు పనికి పోలేడు. నాకు ఈ ఇల్లు కావాలె. అందుకే అమ్మ మీద పెట్టుకున్న, నా మీద పెట్టుకున్న. మీరు నోరు మూసుకొని ఉంటిరి, నేను వస్తుంటిని, నడుస్తుండె. ఇప్పుడు మీ నోటితోనే చెప్పేస్తిరి. ఇంగ నేను ఎట్ల రావాలె, చెప్పండి?"

అంబమ్మ మిగిలిన గిన్నెలు కూడా తోమి, బోర్లించి, కొంగుతో చేతులు తుడుచుకుని, పెరటి తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది. మళ్ళీ రాలేదు.